లేని దేశానికి నాలుగో పటం

కావలి ట్రంకురోడ్డు మీద, టైర్ల కొట్టు పైన
ఆదివారాలు మాకొక బల్ల ఉంది.
ఒక కాలు పొట్టి. దాని కింద పాత పంచాంగం.
మూడు నెలలు గీసిన దేశాన్ని ఆ బల్ల మీద పరిచి
నాలుగు మూలలా రంగు డబ్బాలు పెట్టాను.
మెచ్చుకుంటారనే వచ్చాను, అది నిజం.

ముందు ఖాజావలి వంగి చూశాడు.
ముప్పై ఏళ్ళు షాపుల నుదుట పేర్లు రాసిన చెయ్యి,
ఫ్లెక్సీలొచ్చాక మోటారుసైకిలు నంబర్లకు దిగింది.
"కొండలన్నీ ఒక్క వాయిలో దించిన ఇడ్లీల్లా ఉండాయే.
ఒకదాన్ని పక్కకి జరుపు. ఒకదాని నడుం విరువు.
కొండంటే పక్క కొండ మీద కోపంగా ఉండాల."
అక్షరాలు చూసి ఆయనకు నిజంగానే నొప్పి పుట్టింది.
"ఏటి పేరుని కర్రలా నిలబెట్టావేందబ్బయా!
ఏరెట్టా పోతే అక్షరమూ అట్టా పోవాల.
కొమ్ము దగ్గర వంపు తిరగనీ,
దీర్ఘం పోయి సముద్రంలో కలవనీ."

చెంచురత్నం వెంకటగిరి నుంచి వస్తుంది, మూడు గంటల బస్సు.
చీర అంచుల కోసం గళ్ళకాగితం మీద నెమళ్ళు దించే మనిషి.
పటాన్ని తిరగేసి వెనకవైపు చూసింది మొదట,
నేతలో తప్పు అటువైపే తెలుస్తుందట.
తర్వాత అడిగింది, "రాజధాని పేరేంది?"
"ఎల్డ్రోనియా."
నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
"బస్సు మెట్టు మీద ఏలాడతా క్లీనరు అరవగలడా ఆ పేరు?
అరిచి చూడు."
అరిచాను.
కింద టైర్ల కొట్టు కుర్రాడు జాలిగా తలెత్తాడు.

రెండో పటంలో అది వెండివరం అయింది,
మూడోదాంట్లో మిణుగుర్లదిన్నె.
ఈసారి ఆమే అరిచింది, మెట్ల మీద నిలబడి,
"మిణుగుర్లదిన్నె, మిణుగుర్లదిన్నె, ఖాళీ ఖాళీ!"
కుర్రాడు ఎక్కబోయేవాడిలా చేతులు తుడుచుకున్నాడు.

ఇక చాలనుకున్న వారం
తుమ్మలపెంట నుంచి పెంచల నరసయ్య వచ్చాడు.
పడవల పక్కలకి పేర్లూ పూలూ వేస్తాడు,
గోళ్ళలో ఎప్పుడూ కాస్త నీలం.
చాలాసేపు మాట్లాడలేదు. బీడీ అయిపోయింది.
వేలు పెట్టింది దేశం మీద కాదు, దాని చుట్టూ.
"ఈడేముంది?"
"సముద్రం."
"కనపడతానే ఉంది. సముద్రంలో ఏముంది అంట?"

నేను పూసిన నీలం వైపు చూశాను.
ఒకటే నీలం. లోతు లేదు, గాలి లేదు.
మూలన ఒక తిమింగలం,
దాన్నీ నేనెప్పుడూ చూసింది లేదు.

పెన్సిలు అడగలేదు, తీసుకున్నాడు.
ఇక్కడ రాయి, వల చిరుగుతుంది.
ఇక్కడ బురద, రొయ్య పడుతుంది.
ఇక్కడొక చిన్న సుడి.
దానికి పేరేం రాయమంటావని అడిగితే
వినపడనట్టు పక్కకి జరిగాడు.
"నీ కొండా, దాని ముందర తాటిచెట్టూ
ఒక్క గీతలోకి వస్తే అదీ చేప ఉండే చోటు.
తాటిచెట్టు యాడ? పెట్టు.
లేకపోతే మేం దేన్ని చూసి ఇంటికొచ్చేది?"

మేం అన్నాడు.
లేని దేశంలో అప్పటికే పడవ దించేశాడు.

నాకు రోషమొచ్చింది, దాచేదేముంది.
నా దేశంలో ఇన్ని చేతులేందని
చుట్టచుట్టి మంచం కిందకి తోసేశాను.
తొమ్మిది రోజులు.
పదో రోజు తీసి కిటికీ దగ్గర పట్టుకుంటే
రబ్బరుతో రుద్దిన చోట పాత ఏరు లీలగా కనపడింది,
ఎండాకాలం పెన్నలో
నీళ్ళు పోయిన దారి ఇసకకి గుర్తున్నట్టు.
మళ్ళీ చెరపబుద్ధి కాలేదు.
ఎండిన ఏరు అని పేరు రాశాను,
కొమ్ము దగ్గర వంచి.

నాలుగో పటం ఇది. తప్పులు ఇంకా ఉన్నాయి.
కొలత దగ్గర తగువు తెగలేదు.
అంగుళానికి ఆమడ అంటాడు ఖాజావలి,
బొటనవేలికి రెండు బీడీల దూరమంటాడు నరసయ్య,
చెంచురత్నం పోగులు లెక్కపెడుతోంది.

తాటిచెట్టు పెట్టాను.
కొండ ముందర సరిగ్గా పడిందో లేదో
సముద్రంలోంచి చూసి
ఎవరన్నా చెప్పాలి.